ఒంటిచెప్పు పెంటయ్య

తవిటయ్య మేష్టారికి ఒక అలవాటుంది. శిష్యులెవరైనా పాట గురించి అడిగితే అప్పటికప్పుడు వాయించి చూపిస్తారు. బతుకు గురించి అడిగితే మాత్రం హార్మోనియం మూత వేసేసి, "చూద్దాం" అంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి మర్నాటికే తేలుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది.

ఆయన దగ్గర నాటకాల పాటలు నేర్చుకునేవాళ్ళలో దాలినాయుడు చురుకైనవాడు. ఎవరి గొంతైనా, ఎవరి నడకైనా ఇట్టే పట్టేస్తాడు. అతనొక నాటకం కట్టాడు, పేరు 'పైలోకంలో పందిరి'. చనిపోయిన నటులంతా యముడి ఊళ్ళో కలుసుకుని, అక్కడ కూడా పందిరి వేసి, పాటలతో హాస్యంతో ఆట ఆడతారు. ఒక్కొక్కరి ఆట అయ్యాక యముడు అడుగుతాడు, "భూలోకానికి తిరిగి పోతావా, ఇక్కడే ఉంటావా?" అని. అందరూ ఇక్కడే ఉంటామంటారు, ఇక్కడ చప్పట్లున్నాయంటారు. అదీ కథ. అందులో దాలినాయుడిది ఒంటిచెప్పు పెంటయ్య వేషం.

పెంటయ్య అంటే ఆ చుట్టుపక్కల ఒకప్పుడు తెలియనివాళ్ళు లేరు. మామగారు ఒక్క చెప్పు ఇచ్చి రెండోది దాచేస్తే, ఆ ఒక్క చెప్పుతోనే ఊరంతా తిరిగే అల్లుడి వేషం ఆయనది. తరవాత గొంతు పోయింది, ఊరు మారాడు. ఏదో సంతాప సభలో పోయినవాళ్ళ పేర్లతో కలిపి ఆయన పేరు కూడా చదివారు. అందరూ లేచి నిలబడ్డారు. అంతటితో ఆయన పోయాడు.

ఆట దగ్గరపడుతుండగా ఒకనాడు దాలినాయుడు అడిగాడు, "మేష్టారూ, పోయిన కళాకారుడికి మనం చెయ్యగలిగిన పెద్ద మర్యాద ఏమిటండీ?"

జవాబు అతని దగ్గర సిద్ధంగానే ఉంది. గురువు నోట వినాలని అడిగాడు, అంతే. మేష్టారు హార్మోనియం మూత వేశారు.

"ఆట ఎప్పుడు నాయుడూ?"

"ఆదివారం సాయంత్రమండి."

"హార్మోనియం పెట్టె నేనే వాయిస్తాను. చూద్దాం."

ఆదివారం జనం బాగా వచ్చారు. స్టేజీ పక్కన కుర్చీలో పెంటయ్య పటం పెట్టారు. పాత గ్రూపు ఫోటోలోంచి ఆయన మొహం ఒక్కటీ తీసి పెద్దది చేయించి, బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. మేష్టారు ఆ పటం చూసి, శ్రుతి పెట్టబోతున్న చెయ్యి ఒక్క క్షణం వెనక్కి తీసుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

దాలినాయుడు ఒంటి చెప్పుతో స్టేజీ మీదికి వచ్చేసరికే ఈలలు మొదలయ్యాయి. పెద్దవాళ్ళు అచ్చం పెంటయ్యే అన్నారు. ఆ వంకర నడక, చరణానికీ చరణానికీ మధ్య ఆ దగ్గు, పాతవాళ్ళని అడిగి నేర్చుకున్నవన్నీ దించేశాడు.

"ఒక్క చెప్పు ఇచ్చినావు మామా, రెండోదేదయా
ఒంటికాలి కొంగనంటు ఊరు నవ్వెనయా"

జనం వన్స్ మోర్ అన్నారు. వన్స్ మోర్ అంటే చచ్చిపడున్న పాత్రయినా సరే లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి, నాటకాల్లో అది మర్యాద. దాలినాయుడు మళ్ళీ అందుకున్నాడు. సగం చరణంలో హార్మోనియం ఆగిపోయింది.

పక్క మెట్ల మీంచి ఎవరో ముసలాయన పైకి వస్తున్నాడు. చెప్పులు కింద వదిలి, స్టేజీ చెక్కని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. భుజం మీద తువ్వాలు. దాలినాయుడు ఆ మొహం చూశాడు, కుర్చీలో పటం చూశాడు, మళ్ళీ ఆ మొహం చూశాడు.  యముడి వేషం కట్టిన టైలరు సూరప్పడి చేతిలోంచి గద జారి పడింది.

"ఏం బావూ, ఆ పటానికి దండెవులేసినారు?" అన్నాడు ముసలాయన.

ఇది కూడా నాటకమే అనుకున్నారు జనం. గొల్లుమన్నారు.

"నవ్వకండి బావూ. నాను సచ్చిపోనేదు. నా వేసం కడతన్నారు, సూద్దువుగాని రమ్మని తవిటయ్య కబురెడితే వచ్చినాం."

ఇంకా నవ్వారు. పెంటయ్య కొయ్యబారిపోయాడు. గొంతు బంగారంలా ఉన్న రోజుల్లో కూడా ఆయన అంత నవ్వు వినలేదు. బతికే ఉన్నానని చెప్పుకుంటున్న మనిషిని చూసి పందిరంతా పొట్ట పట్టుకుంటోంది.   లోపల ఎప్పుడో పడుకున్న హాస్యగాడు లేచినట్టున్నాడు, యముడి వైపు తిరిగాడు.

"ఏమయ్యా యమదర్మరాజా. నా ముందు పుట్టినోల్లందర్నీ నువ్వే ఎత్తుకెల్లిపోనావు. అందుకే మాయమ్మ నన్ను పుట్టగానే పెంట మీద పడుకోబెట్టింది. నువ్వొచ్చి చెత్తనుకుని ఎల్లిపోనావు. అదుగో, ఆ పెట్టి వాయించే తవిటయ్యని పుట్టగానే సేరెడు తవుడికి అమ్మీసి మల్లీ కొనుక్కున్నారు. ఆడినీ ఒగ్గీసినావు. అప్పుడు మాయమ్మకి మోసపోనావు, ఇప్పుడు ఈ కుర్రోల్ల మాట నమ్మి నన్ను అట్టుకెల్తావా?"

పందిరి ఊగిపోయింది. ఆయన దాలినాయుడి ముందు చెయ్యి చాపాడు. "ఆ సెప్పు ఇలాగియ్యి బావూ." తొడుక్కున్నాడు, నడిచాడు. దాలినాయుడు నేర్చిన నడక నడకే కాదని చూసినవాళ్ళకి తెలిసిపోయింది. పాట ఎత్తుకున్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది. జనం దానికీ నవ్వారు. దాలినాయుడు మాత్రం పక్కనే నిలబడి ఉన్నాడు కదా, ఆ దగ్గు ఎక్కణ్ణించి వస్తోందో విన్నాడు. హాస్యమనుకుని ఇన్నాళ్ళూ తను సాధన చేసింది ఆయన జబ్బుని. 

వన్స్ మోర్ అన్నారు. పాడాడు. మళ్ళీ అన్నారు. మళ్ళీ పాడాడు. రొప్పుతున్నాడు, అయినా కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక సూరప్పడు తనకి గుర్తున్న ఒక్క మాటా అనేశాడు.

"భూలోకానికి తిరిగి పోతావా, ఇక్కడే ఉంటావా?"

ముసలాయన జనం వైపు చూశాడు. అన్ని మొహాలూ తనకోసమే ఎదురుచూస్తున్నాయి. నవ్వులు సద్దుమణిగాయి. ఆయన నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. మైకు పట్టుకుంది కాబట్టి అందరికీ వినబడింది.

"ఇక్కడైతే సప్పట్లున్నాయి బావూ."

ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో ఆయన భార్య కొండమ్మ కూర్చుని ఉంది. నుదుట కానీ బిళ్ళంత బొట్టు. పటానికి దండ చూసిన దగ్గర్నుంచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది, ఒక్కసారీ నవ్వలేదు. ఇప్పుడు కొంగు తీసి లేచి నిలబడింది.

"అక్కడ నానున్నాను," అంది.

ఆవిడ దగ్గర మైకు లేదు. అయినా చివర చాప మీద కూర్చున్నవాళ్ళకి కూడా వినబడింది. ఎవరూ నవ్వలేదు.

పెంటయ్య చాలాసేపు ఆవిణ్ణే చూశాడు. ఎవరో గట్టిగా పిలిస్తే నిద్రలోంచి లేచినవాడిలా ఉన్నాడు. వంగి కాలి చెప్పు విప్పి దాలినాయుడి చేతిలో పెట్టాడు. మెట్ల దాకా పోకుండా, పిల్లాడిలా స్టేజీ అంచున కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి దిగాడు. ఆవిడ స్టేజీ పక్కనున్న కుర్చీ దగ్గరికి వెళ్ళి పటానికున్న దండ తీసి అక్కడే వదిలేసింది. పటం చంకన పెట్టుకుంది.

"పదయ్యా, బస్సెల్లిపోద్ది," అంది.

జనం వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చారు.  తరవాత ఆట సాగలేదు.

మర్నాడు పొద్దున్నే దాలినాయుడు మేష్టారి ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ చెప్పు అలాగే ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి పక్కనే కూర్చున్నాడు.

"మేష్టారూ, ఆయన ఉన్నారని నిజంగా నాకు తెలీదండి," అన్నాడు.

మేష్టారు హార్మోనియం తెరిచి ఒక్క మెట్టు మీద వేలు పెట్టి, తిత్తి ఊదకుండానే అన్నారు.

"ఆయన నడక నేర్చుకున్నావు. పాట నేర్చుకున్నావు. దగ్గు కూడా నేర్చుకున్నావు నాయుడూ. ఆయన ఇంటికి దారి ఒక్కటీ ఎవర్నీ అడగలేదు."