ఎవరూ కాదనలేదు

బోధికుడికి ఆ పూట కాలు నేల మీద నిలవడం లేదు. కృష్ణ ఒడ్డున కొండ మీదున్న ఆ బౌద్ధ విహారంలో, సంఘం ముందు తీర్మానం చదివే పని అతనికి దక్కి ఏడాదైనా కాలేదు. అంతలోనే ఇంత పెద్ద వ్యవహారాన్ని ఒక్క గొంతు కూడా లేవకుండా గట్టెక్కించాడు మరి.

జ్వరంతో సభకు రాలేకపోయిన గురువు భద్రనంది గదికి వెళ్లి, గుమ్మంలో నుంచే చెప్పాడు.

"చందముఖుణ్ణి విహారం నుంచి పంపించేశాం ఆచార్యా. పొద్దు గుంకేలోగా ఏరు దాటి పోవాలి. సంఘమంతా ఒక్క మాట మీద నిలబడింది."

భద్రనంది కంబళి తొలగించి చూశారు. "ఇంత వానలోనా?"

వానలు తగ్గేదాకా భిక్షువు ఉన్నచోటు నుంచి కదలకూడదన్న నియమం బోధికుడికి తెలియక కాదు. తెలిసే, దానికి తగిన సమాధానం కూడా వెతికి పెట్టుకున్నాడు. తెలివైనవాడు కదా, దొరక్కేం.

చందముఖుడు చేసిన తప్పల్లా ముక్కుసూటిగా మాట్లాడడం. వానాకాలమంతా విహారానికి బియ్యం పంపే గృహపతి పుష్యుడి గుమ్మంలో నిలబడి, "నీ పొలం దున్నేవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. నీ అన్నం నాకు మింగుడుపడదు" అని ఖాళీ పాత్రతో తిరిగొచ్చాడు. మర్నాడే పుష్యుడి మనిషి కొండెక్కి వచ్చాడు. ఆ భిక్షువు ఇక్కడున్నంతకాలం బియ్యం బండ్లు రావని చెప్పి వెళ్లాడు.

తీర్మానంలో బియ్యం మాట ఎక్కడా లేదు. సంఘంలో పొత్తు చెడగొట్టాడని మాత్రమే ఉంది. ఆ మాటలు కూర్చింది బోధికుడే. దీక్ష తీసుకున్న నాటి నుంచి చందముఖుడూ అతనూ ఒకే గదిలో పడుకుంటున్నారు.

"పద్ధతి ఎక్కడా తప్పలేదు ఆచార్యా. సమ్మతమైనవాళ్లు మౌనంగా ఉండండి, కానివాళ్లు మాట్లాడండి అని మూడుసార్లూ అడిగాను. ఎవరూ కాదనలేదు."

"నువ్వు?"

"నేను అడిగేవాణ్ణి కదా."

భద్రనంది కాళ్లు కిందికి దించారు. మంచం పట్టె పట్టుకుని లేచారు. బోధికుడి భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కాలిపోతోంది.

"గంట కొట్టించు. అందర్నీ కూర్చోబెట్టు."

భిక్షువులు మళ్లీ వచ్చి వరుసల్లో కూర్చున్నారు. భద్రనంది స్తంభానికి ఆనుకుని నిలబడి చెప్పారు.

"సంఘం వారు వినండి. పొద్దుటి విషయమే అడుగుతున్నాను. చందముఖుణ్ణి పంపెయ్యడం సమ్మతమైనవాళ్లు మాట్లాడండి. కానివాళ్లు మౌనంగా ఉండండి."

చూరు నీళ్లు ధార కట్టి కారుతున్నాయి. ఒకాయన గోళ్లు చూసుకున్నాడు. ఇంకొకాయన ఒంటి మీది కాషాయ చీవరం అంచు సర్దుకున్నాడు. పొద్దున కూడా వీళ్లు సరిగ్గా ఇలాగే కూర్చున్నారని బోధికుడికి గుర్తొచ్చింది. ఆ గోళ్లే, ఆ అంచే.

తీర్మానం తనది. అందరికంటే ముందు నోరు విప్పాల్సింది తనే. లేచి నిలబడ్డాడు. అలాగే మళ్లీ కూర్చున్నాడు.

భద్రనంది రెండోసారి అడిగారు. మూడోసారీ అడిగారు. ఎవరూ కిమ్మనలేదు.

"వెళ్లి తీసుకురా నాయనా" అన్నారు.

బోధికుడు వానలో కొండ దిగి రేవుకు పరుగెత్తాడు. పడవ ఒడ్డున కట్టేసి ఉంది. పడవవాడు పాకలో ముడుచుకుని కూర్చున్నాడు.

"నేను పడవ వెయ్యనన్నానయ్యా. ఏరెట్టా ఉందో సూడండి. తెల్లారేదాకా నా పాకలో ఉండండి సామీ అన్నా, ఇన్లేదు. సంఘమంతా పొమ్మన్నాక ఈ ఒడ్డున ఎట్టా ఉంటానూ అన్నాడు. ఏట్లోకి దిగిపోయాడు. అదిగో, ఆ బండ దాకా కనపడ్డాడు. ఆ తర్వాత కనపళ్ళేదు."

బోధికుడు ఏటికేసి చూశాడు. ఎర్రటి నీళ్లు తప్ప ఏమీ లేదు.

"ఇంకేమైనా అన్నాడా?"

"ఏమన్లేదు. దిగేముందు సానాసేపు కొండకేసి సూత్తా నిలబడ్డాడు. మీలో ఎవరైనా పిలుత్తారనుకున్నాడేమో."

బోధికుడు ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడు. ఎంత ఏడ్చినా ఏరు తగ్గలేదు.

పున్నమికి సంఘం మళ్లీ కూడింది. చాలా చిన్న విషయం. భోజనశాల కప్పు కారుతోంది, బాగు చేయించాలి. బోధికుడు తీర్మానం చదివాడు. ఎవరూ మాట్లాడలేదు. కాదనాల్సినంత విషయమూ కాదు.

అయినా అతను కూర్చోలేదు. వరుస మొదట్లో ఉన్న పెద్దాయన దగ్గరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు. "మీరేమంటారు?" అని మెల్లగా అడిగాడు. ఆయన తడబడి, ఏదో చెప్పారు. బోధికుడు తలూపి పక్కాయన దగ్గరకు జరిగాడు.

"ఇలా ఒక్కొక్కర్నీ అడుగుతూ పోతే తెల్లారుతుంది" అని వెనక ఎవరో గొణిగారు.

"తెల్లారనీ" అన్నారు భద్రనంది.

వరుస మధ్యలో చందముఖుడి చాప అలాగే పరిచి ఉంది. బోధికుడు దాన్ని దాటిపోలేదు. దాని ముందు కూడా మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, చెవి పెట్టాడు.

లెమ్మని ఎవరూ అనలేదు.