టోబిన్ ఎవరు?

మిసిసిపీ ఒడ్డున ఒక రేవు పట్నంలో ఎల్డన్ ప్రూయిట్ అనే ముసలి రచయిత ఉండేవాడు. ఆయన హాస్య నవలలు చదివి దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వేది. రాయడం నేర్చుకుందామని వచ్చి ఆయన ఇంట్లోనే ఉంటున్న లూథర్‌కి మాత్రం ఈమధ్య నవ్వు రావడం మానేసింది.

కారణం ప్రూయిట్ కొత్త నవల. అందులో టోబిన్ అనే పెద్దమనిషి రేవులో చలికి వణుకుతున్న కూలీని చూస్తాడు. భుజం మీది కంబళి తీయబోయి ఆగుతాడు. పత్రికా విలేకరి అటు రావడం చూశాకే దాన్ని కూలీకి కప్పుతాడు.

కిందటి శీతాకాలం లూథర్ చేసింది అదే. అప్పుడు కంబళి కాదు, కోటు. మిగతాదంతా అంతే. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

మరి ఎవరు చేరవేశారు? వంటమనిషి హాటీయా? ఆవిడ ముందు నోరు విప్పడం మానేశాడు. రేవుకెళ్తే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకునేవాడు. గురువు కిటికీ దగ్గర నిలబడితే తననే కనిపెడుతున్నాడనుకునేవాడు. భోజనాల దగ్గర ఆయన తనలో తాను నవ్వుకుంటే ఇతను పళ్లెం వదిలేసి లేచిపోయేవాడు.

చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, టోబిన్ ఎవరు?"

ప్రూయిట్ బల్ల మీది కాగితాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

"సాయంత్రం ఊరి హాల్లో ఈ అధ్యాయం చదవాలి. నా గొంతు బాగాలేదు. నువ్వు చదువు."

ఆయన గొంతు నిక్షేపంలా ఉంది. ఊరందరి ముందు నా నోటితోనే నా పరువు తీయిస్తాడన్నమాట, అనుకున్నాడు లూథర్. మర్నాటి పడవకి వెళ్లిపోదామని పెట్టె సర్దుకున్నాడు. చదవనంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, సాయంత్రం వేదిక మాత్రం ఎక్కాడు.

ప్రూయిట్ అందరికన్నా వెనక కూర్చున్నాడు.

కంబళి ఘట్టం లూథర్ గబగబా చదివేశాడు. ఇక వేళ్లన్నీ తన వైపు లేస్తాయనుకుంటూ తలెత్తాడు.

హాలు నవ్వులతో దద్దరిల్లిపోతోంది. కిరాణా కొట్టు గ్రోవర్ పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి జడ్జిగారిని చూపిస్తున్నాడు. జడ్జిగారు భార్య చెవిలో ఏదో చెప్పి, గ్రోవర్ వైపు చూసి కళ్లు తుడుచుకుంటున్నారు. ముందు వరసలో డాక్టరుగారు నవ్వి నవ్వి దగ్గుతున్నారు. లూథర్ వైపు ఒక్కరూ చూడలేదు.

చదవడం అయ్యాక అందరూ వచ్చి అతని చెయ్యి ఊపి, చెవిలో ఒక మాట చెప్పి వెళ్లారు. హాలు ఖాళీ అయింది. ప్రూయిట్ మెల్లగా ముందుకి వచ్చాడు.

"ఏమంటున్నారు?"

"టోబిన్ అంటే జడ్జిగారేనట, గ్రోవర్ చెప్పాడు. కాదు, గ్రోవరేనట, జడ్జిగారు చెప్పారు. డాక్టరుగారేమో తన బావమరిది అన్నారు."

"'ఆ టోబిన్‌ని నేనే' అని తన గురించి అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లూథర్ చేతిలోని కాగితాలు అంచులు కలిపి సర్దాడు. మళ్లీ సర్దాడు.

"ఒకడున్నాడు, మాస్టారూ."

ప్రూయిట్ టోపీ పెట్టుకున్నాడు.

"పోనీలే," అన్నాడు, "రాసింది దండగ కాలేదు."