ఒరెస్తే తేల్చిన తీర్పు

ఇటలీ దేశంలో, ఆలివ్ తోటల గుట్ట మీద ఒక పశువుల దొడ్డి. అక్కడ ఏ నాయకుడూ నాలుగు నెలలు నిలిచిన పాపాన పోలేదు. నాయకుడి పనేమో ఒక్కటే: పొద్దుగూకేసరికి కోళ్ల గూటికి గడియ పడేలా చూడటం.

ఈసారి పోటీ సాందోకీ, బర్తోలోకీ మధ్య. సాందో పుంజు, బర్తోలో ఎద్దు. ఇద్దరూ ఇదివరకు ఏలినవాళ్లే. ఎవరి పాలన మేలో తేల్చే పని ఒరెస్తే గాడిదకు అప్పగించారు. చెవులు పొడుగు కాబట్టి లోకజ్ఞానమూ అంతే పొడుగని దొడ్డి నమ్మకం. ఒరెస్తే నమ్మకమూ అదే, పాపం.

తేలేదాకా గడియ ఎవరు చూడాలి? ఆపద్ధర్మ నాయకుడు ఏ పక్షానికీ చెందకూడదని అక్కడి ఆచారం. దొడ్డిలో అందరూ ఏదో ఒక పక్షమే. ఏ పక్షమూ కానిది కంచె అవతలి నక్క ఒక్కటే. దాన్నే పిలిచారు.

"నాకెందుకు బావా ఈ పదవి?" అని నక్క ఒరెస్తే ముందు సిగ్గుపడింది. "సరే, మీ మాట కాదనలేను. నువ్వు మాత్రం తొందరపడకు. నీలాంటి పండితుడు ఆదరాబాదరాగా తేల్చేస్తే నలుగురూ నవ్వుతారు."

ఒరెస్తే ఉబ్బిపోయాడు. రోజూ గడ్డివాము దగ్గర నిలబడి ఉపన్యాసమే.

"సాందో నాలుగుసార్లు పదవి నుంచి పడ్డాడు, నాలుగుసార్లూ లేచాడు. కట్టెల కుప్పెక్కి కూస్తే సూర్యుణ్ణి తానే తెచ్చాడనుకున్నాం. బర్తోలో విరిగిన కంచె నిలబెట్టాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి నోరు తెరిచేసరికి పదవి ఊడింది."

మూడో రోజు పీనా అనే ముసలి కోడి పరుగెత్తుకొచ్చింది. "బావా, గూట్లో పన్నెండుమందిమి ఉండాలి. తొమ్మిదిమందిమే ఉన్నాం!"

"ఉండమ్మా, ఇంకా సాందో రెండో పాలన దగ్గరే ఉన్నాను."

"గడియ ఎందుకు పెట్టలేదంటే నక్క నవ్వుతోంది. ఎవరో ఒకరి పేరు చెప్పెయ్యి బావా, అది పోతుంది!"

"ఎవరో ఒకరా? అదేం పరిశీలన?" ఒరెస్తే నొచ్చుకున్నాడు.

ఏడో రోజు సాయంత్రం తీర్పు వచ్చింది. "పడి లేవడంలో సాందోకి సాటి లేదు. నాయకుడు సాందోనే! పిలవండి!"

ఎవరూ కదల్లేదు. పీనా ఒక్కతే వచ్చి, ఒక ఎర్రటి తోక ఈక గాడిద ముందు పెట్టింది.

"ఇంతే మిగిలాడు బావా. గూట్లో నేనొక్కదాన్నే ఉన్నాను."

నక్క అప్పటికే కంచె దాటింది, నిండు కడుపుతో మెల్లగా. బర్తోలో వెళ్లి కొమ్ముతో గడియ వేశాడు. దానికి అరక్షణం కూడా పట్టలేదు.

ఒరెస్తేకి ఏడుపొచ్చింది. "నా పరిశీలనలో ఒక్క ముక్క చేర్చుకోండి," అన్నాడు. "ఐదోసారి సాందో లేవలేదు. ఇంత పొడుగు చెవులుండీ పీనా మాట వినిపించుకోలేదు. నన్ను గాడిదనడంలో తప్పేముంది?"

ఇద్దరిలో ఎవరు గొప్పో తూచేవాడు, ఈలోపు గడియ ఎవరి చేతిలో ఉందో ముందు చూసుకోవాలి.