నిలబడి కలుపు తీసిన ఓబులమ్మ

మీ తాతల తాతకు మీసం మొలవని రోజుల్లో, ఎర్రమట్టి సీమలో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒక కూలి మనిషి. పొద్దు పొడిస్తే వంగేది, పొద్దు గూకితే లేచేది. ముప్పై ఏళ్ళు కొర్ర చేలల్లో కలుపు తీసింది. వాళ్ళమ్మదీ అదే పని. ఆ తల్లి పోయినప్పుడు పాడె మీద వెల్లకిలా పడుకోబెడదామంటే నడుం సాగలేదు. పక్కకు తిప్పి మోసుకుపోయారు.

ఒక ఏడు ఊరి మోతుబరి నరసప్ప పట్నం నుంచి కలుపు బండి తెచ్చాడు. ముందు ఇనుప చక్రం, వెనక కత్తి, తోయడానికి పొడుగాటి పిడి. ఒక మగాడు తోశాడు, చక్రం కూరుకుపోయింది. ఇంకొకడు తోశాడు, కొర్ర మొక్కలే తెగిపోయాయి. మూడోవాడు తోశాడు, బోర్లా పడ్డాడు.

"ఇది మన నేలకు పనికిరాదు" అన్నాడు నరసప్ప.

"నాకియ్యి సామీ" అంది ఓబులమ్మ.

"తీసుకుపో. పొయ్యి కింద పెట్టుకో."

ఆమె దాన్ని కమ్మరి ఈరన్న కొలిమికి మోసుకెళ్ళింది. "ఈరన్నా, పిడి నా రొమ్మెత్తుకు తగ్గించు." తగ్గించాడు. తోసి చూసింది, బరువు. "చక్రం తేలిక చెయ్యి." చేశాడు. తోసి చూసింది, మొక్కలు తెగాయి. "కత్తి సాళ్ళ మధ్యన పట్టేటంత చెయ్యి." చేశాడు. ఈసారి గడ్డి వేర్లతో లేచింది, కొర్ర నిలబడింది.

"ఎవరు నేర్పారక్కా నీకు?"

"నా నడుమే."

మర్నాడు నరసప్ప చేలో ఆమె నిలబడి బండి తోసింది. ఆయన గట్టు మీద నుంచి అరిచాడు.

"నిలబడి చేసేది పనా? వంగు!"

"వంగను."

"నా కళ్ళ ముందరే నిలబడతావా? వంగు!"

"వంగను సామీ."

"అయితే నా చేలో కాలు పెట్టొద్దు."

"పెట్టను. వంగనూ వంగను."

తోటి కూలి సుంకులమ్మ ఏడ్చింది. "నలుగురి పని నువ్వొక్కదానివే చేస్తే మేం ముగ్గురం ఏం తినాల?"

"మనకూ తలా ఓ చెక్క నేల ఉంది గదే! ఆయన చేను అయ్యేసరికి మనది గడ్డిపాలు. ఏటా అంతే గదా?"

సుంకులమ్మ లేచి పిడి పట్టుకుంది. మూడు రోజులు ఆ ఒక్క బండే ఆడవాళ్ళ చెక్కలన్నీ తిరిగింది. నరసప్ప చేలో ఒక్కరూ దిగలేదు. వాన పడింది. గడ్డి కొర్రను దాటి లేచింది.

నాలుగో రోజు ఆయనే వచ్చాడు. "రండమ్మా. ఆ బండి నాదే గదా, తోలుకు రండి."

"పొయ్యి కింద పెట్టుకోమన్నావు. ఇప్పుడది మాది" అంది ఓబులమ్మ. "వస్తాం. కూలి తగ్గదు. ఇక ఏటా ముందు మా చెక్కలు, తర్వాత నీ చేను. ఎవరమూ వంగం."

ఆయన చేను వైపు చూశాడు. ఆమె వెనక వరసగా నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు. "కానీండి" అన్నాడు.

ఆ ఏడు ఈరన్న పదకొండు బండ్లు చేశాడు, ఏ మనిషి ఎత్తుకు ఆ పిడి. ఓబులమ్మ బాగా ముసలిదై, బండి తోయడం మానకముందే పోయింది.

ఇప్పటికీ ఆ సీమలోకి ఏ కొత్త యంత్రం వచ్చినా, చేలో పనిచేసే ఆడమనిషిని పిలిచి ముందు ఆమె చేతికిస్తారు. ఆమె తోలి చూసి సరేనంటేనే కొంటారు. "యంత్రం మంచిదే, మీకే తోలడం రాదు" అని అమ్మేవాడు విసుక్కున్నాడా, ఒకటే మాట చెప్తారు:

"ఓబులమ్మ ఒప్పుకోలేదు. తీసుకుపోయి సరిచేసుకు రా."