సుంకక్క జానెడు

అనగనగా... ఆగండి. మీకు తెలిసిన అనగనగా కాదిది, దానికి ముత్తాత. కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఎండ దెబ్బకు నీడలు కూడా చెట్టెక్కి కూర్చునే సీమ. ఆ సీమలో రాళ్లగడ్డ అని ఒక ఊరు.

ఆ ఊరికి ఒక బండ. ఎంత బండ? తూర్పు అంచున లేచిన కాకి పడమటి అంచున వాలేసరికి దానికి మనవలు పుట్టేవాళ్లు. అంత బండ! ఏటేటా జాతరనాడు ఆ బండకు మోకు కట్టి, ఎద్దుల జతను కాడికి పూన్చి, ఎవరి జత ఎంత లాగుతుందో చూసేవాళ్లు. అవతల ఒక వేపమేకు పాతి ఉండేది. దాని దాకా లాగిన జత అప్పటికి పుట్టలేదు.

బండ ఎంత కదిలిందో కొలిచేవాడు లింగన్న. ఆయన జానే ఊరికి కొలత. నేలమీద చెయ్యి పరిచి ఇంత అంటే ఇంతే. "నా జానకు అబద్ధం తెలీదబ్బా" అని మీసం తిప్పేవాడు. ఆ మీసానికి రెండు పక్కలా రెండు పిచ్చుకలు ఊగేవి.

ఆ ఊళ్లోనే సుంకక్క. మొగుడు లేడు, పిల్లల్లేరు. గరుసు నేల చెక్క ఒకటి, ఎద్దుల జత ఒకటి. కాడికి దాపట, అంటే ఎడమపక్క, మైలోడు. కుడిపక్క పుల్లోడు. ఒక వేసవిలో మైలోడు పాము కరిచి చచ్చిపోయింది. పుల్లోడు ఒంటెద్దు అయింది.

ఒంటెద్దు ఊళ్లో ఉంటే వాన మొహం చాటేస్తుందని రాళ్లగడ్డ వాళ్ల నమ్మకం. జత కుదరకపోతే సంతకు తోలాల్సిందే. సంత నుంచి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

సుంకక్క జత వెతికింది. మొదటి ఎద్దును తెస్తే పుల్లోడు దాన్ని కొమ్ములతో ఎత్తి పక్కూరి గడ్డివాములో పడేసింది. రెండోదాన్ని తెస్తే కాడి విరిచింది. మూడోదాన్ని తెస్తే ఏమీ చెయ్యలేదు, పడుకుంది. ఆ పడుకోవడం పడుకోవడం కార్తె మారేదాకా లేవలేదు.

ఊరిపెద్ద గంగిరెడ్డి పిలిపించాడు. "ఏందమ్మే సుంకీ, దాన్ని సంతకు తోలవా?"

"అది జతెద్దే పెద్దాయనా."

"జత యాడ?"

"నేనే."

గంగిరెడ్డి నవ్వాడు. ఆ నవ్వుకు ఇంటి దూలం మీది బల్లులు రాలాయి. "అట్లనా! అయితే ఇద్దరూ కాడి కట్టుకుని బండను వేపమేకు దాకా లాగండి. లాగితే అది జతెద్దేనని ఊరు ఊరంతా ఒప్పుకుంటుంది. మూడు జాతర్లు గడువు. లాగకపోతే ముక్కుతాడు సంత వాడి చేతికి."

"సరే" అంది సుంకక్క.

మొదటి జాతర వచ్చింది. పదూర్ల జనం. సుంకక్క చీర కుచ్చిళ్లు బిగించి, మైలోడి మువ్వల పట్టెడ తన మెడకు కట్టుకుని, దాపట పక్కకు వచ్చి కాడి కింద భుజం పెట్టింది. ఊరు ఊరంతా నోరు తెరిచింది. ఆ తెరిచిన నోళ్లలోకి ఈగలు పోయి, తిరిగి చూసి, బయటికి వచ్చాయి.

లాగారు. మువ్వలు మోగాయి. మోకు మూలిగింది. బండ కదల్లేదు.

లింగన్న వంగి చూశాడు. బండకూ దాని అంచున గీసిన గీతకూ మధ్య చీమ దూరే సందు కూడా లేదు. "ఏమీ లేదు" అని కేక వేశాడు. జనం ఈలలు వేశారు.

"బండ కదల్లేదు గానీ లింగన్నా, నేను కదిలినా" అంది సుంకక్క, మడమలు దిగబడిన గుంటలు చూపించి. లింగన్న కాడి పక్కకు జరపబోయాడు. ఆమె భుజం పెట్టినచోట కొయ్య చెమటతో తడిసి ముద్దయి ఉంది. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

మరునాటి నుంచి మొదలు. కోడి కూయకముందే ఘల్లు ఘల్లు. లింగన్న ఇల్లు పొలం దారిలోనే. మంచం మీంచి లేచి తిట్టేవాడు.

"ఓమ్మే, నిద్ర పోనీవా?"

"నువ్వు పడుకో లింగన్నా. ఈ పొద్దుకు జానెడు లాగి పోతాం."

మొదట రోకలి లాగారు, జానెడు. తర్వాత రుబ్బురోలు లాగారు, జానెడు. తర్వాత రాతి తొట్టి, అదీ జానెడే. జానెడు లాగి ఆగేవాళ్లు. ఊపిరి తీసుకుని ఇంకో జానెడు. బావి దగ్గర ఆడవాళ్లు పకపకలాడేవాళ్లు. "అక్కా, రాత్రికి నీకూ గడ్డేనా?" "గడ్డి పుల్లోడికి, సంగటి నాకు. పని మాత్రం ఇద్దరికీ ఒకటే" అనేది ఆమె. కడవ భుజాన పెట్టుకుందామంటే పెట్టనిచ్చే భుజం కాదది, కాయ కాసి రాయిలా ఉంది. కడవే పగిలేది.

రెండో జాతర. మువ్వలు మోగాయి. మోకు మూలిగింది. బండ కిర్రుమంది.

లింగన్న వంగాడు. చెయ్యి పరిచాడు. బొటనవేలు గీత మీద, చిటికెన వేలు బండకు ఆని. మళ్లీ పరిచాడు. చెయ్యి మార్చి మళ్లీ పరిచాడు.

"ఎంతరా?" అన్నాడు గంగిరెడ్డి.

"జా... జానెడు!"

ఊరు ఊరంతా నోరు తెరిచింది. ఈసారి తెరిచిన నోళ్లలో పిచ్చుకలు గూడు కట్టాయి. లింగన్న మీసం మీది పిచ్చుకలు కూడా ఎగిరిపోయి వాటిల్లోనే చేరాయి. కానీ మేకు ఎక్కడ, జానెడు ఎక్కడ! "ఇంకొక్క జాతరే మిగిలింది" అని గంగిరెడ్డి గుర్తు చేశాడు. అయితే ఈసారి నవ్వలేదు.

మళ్లీ తెల్లారితే ఘల్లు ఘల్లు. లింగన్న తిట్టడం మానేశాడు. మువ్వలు వినబడితేనే ఆయనకు తెల్లారినట్టు.

ఒకరోజు వినబడలేదు.

లింగన్న పరుగున పోయాడు. సుంకక్క చాప మీద ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. గుమ్మంలో నిలబడి పుల్లోడు తల లోపలికి పెట్టి ఉంది.

"లింగన్నా, జాతర నాడు దీన్ని బండకాడికి తీస్కపో."

"జత ఎవరమ్మే?"

"కాడి కట్టు. జత సంగతి దానికి తెలుసు."

మళ్లీ మాట్లాడలేదు. పుల్లోడు ఆ పూట అరిచిన అరుపుకు పక్కూళ్లో చిలికే కవ్వాలు ఆగిపోయాయి.

మూడో జాతర. సంత వాడు ముందే వచ్చి ముక్కుతాడు కోసం చెయ్యి చాపాడు. లింగన్న ఇవ్వలేదు. పుల్లోడిని నడిపించుకుని నేరుగా బండ దగ్గరికి తెచ్చాడు.

"ఏందిది లింగన్నా?" అన్నాడు గంగిరెడ్డి. "చచ్చిపోయినామె జత ఎట్ల అవుతుంది?"

"గడువు చచ్చిపోలేదు గదా పెద్దాయనా."

గంగిరెడ్డి కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

లింగన్న పుల్లోడిని కుడిపక్క పూన్చాడు. ఎడమపక్క ఖాళీ కాడికి మువ్వల పట్టెడ చుట్టాడు. బరువు మోసేవాళ్లు లేక కాడి ఎడమకు ఒరిగి నేలకు ఆనింది. జనం నవ్వారు. ఎడ్లు తోలేవాళ్లు చెర్నాకోలలు ఆడించారు. పుల్లోడు కదల్లేదు. మెడ ఎడమకు తిప్పి, ఖాళీ జాగాను వాసన చూసింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి.

గాలి లేదు. ఆకు కదల్లేదు. మువ్వలు మోగాయి.

లింగన్న చూస్తుండగా, ఆయన కళ్లముందు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నేలకు ఆనిన కాడి మెల్లగా పైకి లేచింది. లేచి, సరిగ్గా మనిషి భుజం ఎత్తున, సమంగా నిలిచింది.

ఊరు ఊరంతా నోరు తెరిచింది. ఈసారి ఏమీ దూరలేదు. ఈగలూ పిచ్చుకలూ కూడా నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

మోకు మూలిగింది. బండ కిర్రుమంది. జానెడు కదిలింది. ఆగింది. ఊపిరి తీసుకున్నట్టు ఆగి, ఇంకో జానెడు. లింగన్న మోకాళ్ల మీద పాకుతూ వెనకే కొలిచాడు. జానెడు. ఇంకో జానెడు. మోకాళ్ల చర్మం లేచిపోయింది, ఆయనకు తెలియలేదు. చేతుల్లోంచి చెర్నాకోలలు జారాయి, పట్టుకున్నవాళ్లకు తెలియలేదు. చంటిపిల్లలు ఏడుపు మరిచారు. నడినెత్తిన ఉన్న సూర్యుడు కిందికి దిగడం మరిచి వంగి చూశాడు. ఎవరో గుర్తు చేస్తే గబగబా పడమటికి పోయాడు.

పొద్దు వాలేవేళకు బండ వేపమేకును తాకింది. ఠక్కుమంది.

అప్పుడు కాడి ఎడమపక్క కిందికి దిగింది. పడిపోలేదు. కడవ దించుకున్నట్టు, మెల్లగా దిగింది. మువ్వలు ఆగాయి.

లింగన్న ఆ ఖాళీ కొయ్య మీద చెయ్యి పెట్టాడు. తడి. చెమటతో తడిసి ముద్దయి ఉంది. వెచ్చగా ఉంది.

ఆ చెయ్యి ఎత్తి ఊరికి చూపించాడు. ఈసారి లుంగీకి తుడుచుకోలేదు. గంగిరెడ్డి లేచి, తలపాగా తీసి, పుల్లోడి కాళ్ల ముందు పెట్టాడు. "జతెద్దే" అన్నాడు. ఆయన గొంతులోంచి అంత చిన్న మాట రావడం ఎవరూ అంతకుముందు వినలేదు. సంత వాడు ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా ఎవరూ చూడలేదు. పుల్లోడు ముసలిదై, ఊరి గడ్డి తిని, ఊళ్లోనే కన్ను మూసింది.

నాటి నుంచి రాళ్లగడ్డలో ఒంటెద్దును సంతకు తోలరు. ఎవరి ఎద్దు ఒంటిదైతే, జాతరనాడు మొదటి కాడి దానిదే. ఎడమపక్క ఖాళీగా వదిలి, మువ్వలు కడతారు. దగ్గరున్నవాళ్లు ఎవరో ఒకరు వచ్చి భుజం పెడతారు. రెడ్డిగారి మనవడైనా సరే, గొర్రెల కాపరైనా సరే. లాగేది జానెడే. లింగన్న వంశంలోవాళ్లు చెయ్యి పరిచి కొలుస్తారు.

పని చూసి బెదిరిపోయి ఏడ్చే బిడ్డకు అక్కడి తల్లులు ఇప్పటికీ ఒకటే చెప్తారు. "ఈ పొద్దుకు జానెడు లాగు నాయినా. తక్కింది సుంకక్క చూసుకుంటుంది."

జాతరలో కాడి దించాక, భుజం పెట్టినవాళ్లు ఆ కొయ్యను ఒకసారి తడిమి, అరచెయ్యి తిప్పి చూసుకుంటారు. ఎర్రటి ఎండలో బండ లాగిన కొయ్య గదా, తడిగానే ఉంటుంది. ఎవరి చెమటో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.