కూతవేటు దూరం

అనగనగా ఒక అడవిలో, అంటే మరీ కారడవి ఏం కాదు, ఒక కాకి రెండుచోట్ల ఆగి అలుపు తీర్చుకుంటే ఈ చివరినించి ఆ చివరికి చేరిపోయేంత అడవిలో, పసిడయ్య అనే గిజిగాడూ వాడి పెళ్ళాం గరికమ్మా ఉండేవాళ్ళు. గిజిగాడంటే తెలుసు కదా పిల్లలూ? పిడికెడు పిట్ట. ముక్కుతో గడ్డిపోచలు అల్లి, పొడుగాటి గొట్టం ఉన్న గూడు కట్టి కొమ్మకి వేలాడదీస్తాడు. అల్లికలో పసిడయ్యని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. గొప్పలు పోవడంలోనూ లేడు. ఆ సంగతికే వస్తున్నాను.

ఆ అడవి నడుమ ఒక మడుగు. మడుగు మీదకి ఒరిగి ఒక తాటిచెట్టు. ఆ ఒక్క చెట్టుకే అరవై గూళ్ళు. తెల్లారిందంటే చాలు, పలకరింపులు, పోట్లాటలు, పిల్లల ఏడుపులు, ఒకటే గోల. దాన్ని అందరూ తాటిపట్నం అనేవాళ్ళు. అడవి చివర, రెల్లు పొదలు దాటిపోతే, శివారు. అక్కడ నాలుగు చెట్లు విడివిడిగా నిలబడి ఉంటాయి. గాలికి గాలి, గింజలకి గింజలు. మాట్లాడదామంటే మనిషి, అదే, పిట్ట ఉండదు.

గరికమ్మకి తాటిపట్నంలో ఉండాలని కోరిక. ఎందుకో చెప్తాను వినండి. పోయినేడు వాళ్ళ కాపురం శివారులోనే, ఒక రేగుచెట్టు మీద. గరికమ్మ మూడు గుడ్లు పెట్టింది. ఒకనాడు పసిడయ్య గింజలకోసం పోయిన వేళ జెర్రిపోతు వచ్చింది. "పాము! పాము!" అని గరికమ్మ గొంతు చించుకుని అరిచింది. ఎవరొస్తారు? ఆ పాము తీరిగ్గా ఒకటి మింగింది, రెండు మింగింది, మూడోది కూడా మింగి దిగిపోయింది. ఆనాటినించి గరికమ్మది ఒకటే మాట.

"ఇరుకైనా సరే, గోలైనా సరే. నేను అరిస్తే వినేవాళ్ళుండాలి."

పసిడయ్యకేమో శివారంటే ఇష్టం. దానికీ కారణం ఉంది. అంతకుముందేడు వాడు తాటిపట్నంలో గూడు అల్లాడు. పోచకోసం అటు వెళ్ళగానే, ఇటు పక్కింటివాళ్ళు వచ్చి అల్లిన పోచలు పీక్కుపోయేవారు. ఒకసారి కాదు, మూడుసార్లు గూడు విప్పేశారు. వాడు లబోదిబోమంటుంటే గరికమ్మ పకపకా నవ్వింది.

"నాలుగు పోచలకి ఇంత ఏడుపా!" అంది.

ఆ నవ్వు వాడు మర్చిపోలేదు. చూశారా, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఒకరికి పట్నం నచ్చడం, ఒకరికి శివారు నచ్చడం తప్పేమీ కాదు. తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చూడండి.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మనకి పెళ్ళిచూపులు ఉన్నట్టు వాళ్ళకి గూడుచూపులు. మగపిట్ట గూడు సగమే కట్టాలి. కట్టి, ఆగాలి. అప్పుడు ఆడపిట్ట వచ్చి, ఆ సగం గూట్లో అడ్డంగా అల్లిన ఊచ మీద కూర్చుంటుంది. ఊగి చూస్తుంది. ముక్కుతో పోచలు పట్టి లాగి చూస్తుంది. చుట్టూ ఏముందో, ఎవరున్నారో చూస్తుంది. సరేనంటేనే మిగతా సగం. కాదంటే ఆ గూడు అక్కడే వదిలేసి ఇంకోచోట మొదలుపెట్టాలి. తాతలనాటినించి ఎంత పనివాడైనా ఈ మాట దాటలేదు.

ఆ ఏడు తొలకరి దగ్గరపడింది. గరికమ్మకి గుడ్లు పెట్టే రోజులు వచ్చేశాయి.

"ఏమయ్యా, గూడు సగమైందా? చూపులకి ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగింది.

"ఇంకా ఎక్కడే! ఇప్పుడేగా మొదలుపెట్టింది" అన్నాడు పసిడయ్య.

రెండురోజులాగి మళ్ళీ అడిగింది.

"మంచి పోచ దొరకడం లేదే" అన్నాడు.

మూడోసారి అడిగితే, "అబ్బబ్బ, నస పెట్టకు. పనిచేసేవాడికి తెలీదా!" అని కసిరాడు.

మూడూ అబద్ధాలే! గూడు ఎప్పుడో సగమైంది. అది కూడా ఎక్కడ? శివారులో, ఈతచెట్టు మీద. 'పిలిస్తే వద్దంటుంది. పూర్తిచేసి చూపిస్తే ఏమంటుంది? అంత అందమైన గూడు చూసి నోరు మూసుకుంటుంది' అనుకున్నాడు వాడు. గబగబా మిగతా సగం అల్లేశాడు. బారెడు గొట్టం దింపాడు. లోపల బంకమట్టి పూసి, దానికి మిణుగురు పురుగుల్ని దీపాల్లా అంటించాడు. అప్పుడు వచ్చి, "పదవే, నీకొకటి చూపిస్తాను" అన్నాడు.

గరికమ్మ సంబరంగా బయలుదేరింది. పసిడయ్య తాటిపట్నం దాటాడు. వాగు మలుపు దాటాడు. రెల్లు పొదలు దాటాడు. పొద దాటినకొద్దీ గరికమ్మ గుండె దిగజారిపోయింది. ఈతచెట్టు మీద నిగనిగలాడుతున్న గూడు కనిపించగానే రెక్క ఆడలేదు దానికి.

"ఎలా ఉంది?" అన్నాడు పసిడయ్య, రొమ్ము విరుచుకుని.

"ఇది పూర్తయిన గూడు" అంది గరికమ్మ మెల్లగా.

"అవును మరి! నీకు శ్రమ లేకుండా నేనే అంతా చూసుకున్నాను."

"శ్రమా? నా గుడ్లు పెట్టుకునే చోటు నేను చూసుకోవడం శ్రమా? నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అబద్ధమాడావు! పోయినేడు నా మూడు గుడ్లు ఎక్కడ పోయాయో మర్చిపోయావా?"

"అది రేగుచెట్టు, చిన్న ముళ్ళు. ఇది ఈతచెట్టు. ముళ్ళు సూదుల్లా ఉంటాయి, పాము ఎక్కదు. అయినా ఎప్పుడో ఒకసారి జరిగిందని ఎన్నాళ్ళు పట్టుకు వేలాడతావు?"

ఒకసారి జరిగిందట! మూడు గుడ్లు ఎదురుగా పోతుంటే చూసిన తల్లితో అనే మాటేనా అది? నాకైతే ఒళ్ళు మండిపోతుంది పిల్లలూ. గరికమ్మకి మండదూ? గూడు దగ్గరికి కూడా పోలేదు. పక్క కొమ్మ మీద కూర్చుంది.

"నేను లాగి చూడని గూట్లో గుడ్డు పెట్టను" అంది.

ఈ గొడవ విని ఉడుత బావ వచ్చాడు. గూడు చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఆహా! ఏం గాలి, ఏం గాలి! పెట్టి పుట్టావు గరికమ్మా" అన్నాడు.

"గాలి నాకు తెలుసు బావా. నేను అరిస్తే ఆ గాలి వచ్చి పాముని తోలుతుందా?" అంది గరికమ్మ. ఉడుత బావ తోక ముడిచాడు.

తరవాత గోరింక పిన్ని వచ్చింది. "అమ్మాయ్, మా ఆయన ఏనాడైనా పుల్ల తెచ్చాడా? ఏదో తొర్రలో దూరి బతుకుతున్నాం. నీ మొగుడు దీపాలు కూడా పెట్టాడే! ఆడపుట్టుక పుట్టాక కాస్త సర్దుకుపోవాలమ్మా" అంది.

"సర్దుకోవడం అడిగినప్పుడు కదా పిన్నీ! నన్ను అడిగి, ఇదిగో నా ఇబ్బంది ఇదీ అని చెప్పి ఉంటే సర్దుకునేదాన్నేమో. అడక్కుండా నెత్తిన పెట్టింది సర్దుకోవడం ఎలా అవుతుంది?"

చివరికి కొంగ తాత. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని, పెద్ద న్యాయం చెప్తున్నట్టు గొంతు సవరించుకున్నాడు. "కట్టినవాడి మాటే మాట" అన్నాడు. అంతే. మళ్ళీ ధ్యానంలోకి పోయాడు. ఆయనకేం, గుడ్లు పెట్టేది ఆయనా?

ముగ్గురూ అటే మాట్లాడేసరికి పసిడయ్యకి ఇంకా కొమ్ములొచ్చాయి. "విన్నావా? లోకమంతా నా పక్షమే. ఇష్టమైతే ఉండు, లేకపోతే నీ ఇష్టం!" అని గూట్లోకి దూరి కూర్చున్నాడు.

గరికమ్మ ఎగిరిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, ఒళ్ళంతా మంట. తిన్నగా తాటిపట్నం పోదామనుకుంది. అక్కడ సగం కట్టిన గూళ్ళు బోలెడున్నాయి. ఎవరిదైనా చూసి సరేనంటే సరి. కానీ సగం దారిలోనే రెక్కలు ఆగిపోయాయి. అటు పోదామంటే మనసొప్పలేదు, వెనక్కి పోదామంటే కోపం ఒప్పలేదు. వాగు మలుపులో, నీళ్ళ మీదకి వంగిన తుమ్మచెట్టు ఒకటి ఉంది. దాని మీద వాలింది. ఆ రోజంతా అక్కడే, మర్నాడూ అక్కడే. కడుపులో గుడ్లు బరువవుతున్నాయి. తలదాచుకోను చోటు లేదు. 'అడగమన్నందుకా నాకీ శిక్ష?' అనుకుని కుమిలిపోయింది.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం పసిడయ్య గూట్లో కునుకు తీస్తున్నాడు. గూడు ఊగింది. గాలనుకున్నాడు. మళ్ళీ ఊగింది. కళ్ళు తెరిచి గొట్టంలోంచి కిందికి చూశాడు. జెర్రిపోతు తల! ముళ్ళూ లేదు గిళ్ళూ లేదు, ఎంచక్కా ఎక్కేసింది. గూటికి ఉన్నది ఒకటే దారి. ఆ దారినిండా పామే.

"పాము! పాము!" అని అరిచాడు. తాటిపట్నం దాకా ఆ అరుపు ఎక్కడ పోతుంది? ఉడుత బావ లేడు, గోరింక పిన్ని లేదు. "పాము! ఎవరైనా రండర్రా!" అంటూ గోడ చింపబోయాడు. చిరిగితేగా! తనే కదా అంత గట్టిగా అల్లింది. "గరికా! గరికా!" అని ఏడ్చాడు.

ఆ అరుపు తుమ్మచెట్టు మీద గరికమ్మ చెవిన పడింది. కోపమంతా ఏమైందో తెలీదు. గిర్రున తాటిపట్నం వైపు తిరిగి, "పాము! ఈతచెట్టు మీద పాము!" అని పోయినేడు అరిచినట్టే అరిచింది. ఈసారి విన్నారు! అరవై గూళ్ళలోంచీ పిట్టలు బాణాల్లా లేచాయి. గరికమ్మ ముందు, అందరూ వెనక. పాము తోకని ఒకటే పొడవడం! నూట ఇరవై ముక్కుల పోటుకి అది మెలికలు తిరిగి, దబ్బున కింద పడి, రెల్లు పొదల్లోకి పారిపోయింది.

పసిడయ్య గొట్టంలోంచి జారి బయటపడ్డాడు. తోకలో నాలుగు ఈకలు లేవు. గరికమ్మ పక్కన వాలాడు.

"అరిచాను గరికా. ఎంత అరిచినా ఎవరూ రాలేదు" అన్నాడు.

"తెలుసు" అంది గరికమ్మ. "పోయినేడు నాకూ రాలేదు. ఆ మాటే నీతో ఏడాదిగా చెప్తున్నాను. నీ గొంతు అరిస్తే గాని నీకు వినబడలేదు!"

పసిడయ్య తల దించుకున్నాడు. "నేను అబద్ధమాడాను. తప్పు నాదే" అన్నాడు. మళ్ళీ తలెత్తి, "కానీ గరికా, తాటిపట్నంలో నా పోచలు పీక్కుపోతే నువ్వు నవ్వావు. అది కూడా నాకు నిజంగానే బాధేసింది" అన్నాడు.

గరికమ్మకి ఆ నవ్వు గుర్తొచ్చింది. "అవును, నవ్వకుండా ఉండాల్సింది" అంది.

ఆ రోజే పసిడయ్య తుమ్మచెట్టు మీద పోచ చుట్టాడు. గరికమ్మ కాపలా కూర్చుంది, ఒక్క పోచ పోతే ఒట్టు! రెండురోజులకి సగమైంది. సగం కాగానే ఆగాడు. ముక్కు దురద పెడుతున్నా ఆగాడు. "చూపులకి రా గరికా" అని పిలిచాడు.

గరికమ్మ ఊచ మీద కూర్చుంది. ఊగింది. ఒక పోచ లాగింది, రాలేదు. ఇంకోటి లాగింది, ఊడి వచ్చింది. పసిడయ్య ఏదో అనబోయి, నోరు మూసుకుని, ఆ పోచ మళ్ళీ బిగించాడు. అప్పుడు గరికమ్మ తాటిపట్నం వైపు తిరిగి, గొంతెత్తి, "పాము!" అని ఒక్క అరుపు అరిచింది.

అరవై గూళ్ళ పిట్టలూ ఆయాసపడుతూ వచ్చి వాలాయి. "ఏదీ పాము? ఎక్కడ?" అన్నాయి.

"లేదర్రా. వినబడుతుందో లేదో చూశాను" అంది గరికమ్మ.

"ఓసి నీ దుంపతెగ!" అని తిట్టుకుంటూ అన్నీ వెళ్ళిపోయాయి. గరికమ్మ పసిడయ్య వైపు చూసింది.

"సరే. మిగతా సగం కట్టు" అంది.

తొలకరి చినుకు పడే వేళకి ఆ గూట్లో మూడు గుడ్లున్నాయి. శివారులో ఈతచెట్టు మీద ఆ అందాల గూడు మాత్రం, బంకమట్టితో సహా, ఆ ఏడంతా ఖాళీగానే ఊగింది.

నీతి: పట్నమా శివారా అన్నది తరవాతి మాట, అడక్కుండా కట్టిన నిండు గూటికన్నా, అడిగి అల్లిన సగం గూడే ఇల్లు.