రాజుగారి నోట పీఠం మాట

ఒకానొక రాజ్యంలో, అది ఏ ఏటి ఒడ్డునో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరుగానీ, ఒక విద్యాపీఠం ఉండేది. వైద్యం, లెక్కలు లాంటి కూడుపెట్టే చదువులు అక్కడ చెప్పేవారు కాదు. దర్శనాలు, మతాలు, నీతి, ఈ మూడే. శైవుడి పక్కన జైనుడు, జైనుడి పక్కన దేవుడే లేడనేవాడు కూర్చుని గొంతులు బొంగురుపోయేలా వాదించుకునేవారు. చీకటిపడ్డాక జైనుడు అన్నం ముట్టడు కనక, అతని కోసం అందరూ పొద్దుండగానే లేచి ఒకే పంక్తిలో భోంచేసేవారు.

ఆ రాజ్యాన్నేలే గండమార్తాండుడికి ఇదంతా దండగగా తోచింది. ఆయనకు బిరుదుల పిచ్చి. 'సర్వశాస్త్ర కంఠీరవ' అన్నది తనకు తానే తగిలించుకున్నాడు. ఒకనాడు పీఠానికి కబురంపాడు. "ధర్మం రాజుకు పుట్టుకతోనే తెలుస్తుంది. జనానికి రాజు చెబితే తెలుస్తుంది. మధ్యలో మీరెందుకు? పీఠాన్ని ఏనుగుల సాల చేస్తున్నాం. కాదనేవాడుంటే పున్నమినాడు కొలువుకొచ్చి మాతో వాదించవచ్చు."

వాదించవచ్చు అన్నాడుగానీ, పోయిన ఏడు ఆయనను వాదంలో గెలిచిన పండితుడికి జరిగిన సన్మానం ఊరంతా చూసింది. గుండు కొట్టించి, గాడిదెక్కించి, పొలిమేర దాటించారు. ఇంకోసారైతే గుండుతో సరిపెట్టం, తలే తీయిస్తాం అని రాజుగారు అప్పుడే చాటించి ఉంచారు.

పీఠాధిపతి సర్వదేవ భట్టు బాగా ఆలోచించి విద్దన పేరు చెప్పాడు. విద్దన నీతిశాస్త్రం చదివే విద్యార్థి. తెలివైనవాడే, కానీ మహా పిరికివాడు. పాఠం అప్పజెప్పమంటేనే చెమటలు పట్టేవి.

"నేనా స్వామీ? సభలో నాకు నోరు పెగలదే!"

"అందుకే నిన్ను పంపుతున్నాను నాయనా. ధైర్యవంతుడు తన మాట తనే వింటాడు. భయపడేవాడు ఎదుటివాడి మాట వింటాడు. వెళ్ళిరా."

పున్నమి వచ్చేదాకా విద్దనకు ముద్ద గొంతు దిగలేదు. ఓడితే పీఠం పోతుంది, గెలిస్తే తల పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పీఠం పోతే తను పోవడానికి చోటే లేదు. నాగలి పట్టడానికి పనికిరావని మేనమామ తెచ్చి వదిలిన చోటు ఇదే. పైగా లోకంలో తనకు చేతనైన పని కూడా ఈ చదువొక్కటే. దాన్ని తలుచుకుంటే భయం కన్నా దుఃఖం ఎక్కువగా వచ్చేది.

కొలువు నిండింది. "ఊఁ, కానీ" అన్నాడు రాజు.

విద్దన ఎలాగో చేతులు జోడించాడు. "ప్రభూ, మా పీఠంలో ఒక ఆచారం. ఎదుటివాడి వాదాన్ని ఖండించే ముందు దాన్ని మన నోటితో మనమే చెప్పాలి. 'ఔను, నా మాట ఇదే' అని అతను ఒప్పుకోవాలి. అంతవరకు ఖండించే హక్కు లేదు. పూర్వపక్షం అంటారు. సర్వశాస్త్ర కంఠీరవులకు తెలియనిదా!"

ఆయనకు తెలియదు. తెలియదని ఎలా అంటాడు? "తెలుసు, తెలుసు" అని మీసం దువ్వుకున్నాడు.

విద్దన రాజు మాటను పొల్లుపోకుండా చెప్పాడు. "ఔను, మా మాట ఇదే" అని రాజు ఒప్పుకున్నాడు. ఇక పీఠం మాట చెప్పడం రాజు వంతు.

"మీ మాటేముంది! కూర్చుని తినడానికి ఒక చావడి కావాలి. అంతేగా?"

సభ పగలబడి నవ్వింది.

"కాదు ప్రభూ."

నవ్వు ఠక్కున ఆగింది. పండితుణ్ణి గాడిదెక్కించిన నాటినుంచి ఆ మాట రాజు చెవిన పడలేదు.

"కాదా? సరే. పుస్తకాలు వల్లిస్తే పుణ్యం వస్తుందంటారు."

"కాదు ప్రభూ."

"దేవుడున్నాడో లేడో తేల్చాలంటారు!"

"అదీ కాదు ప్రభూ. అది తేలుతుందని మాకూ నమ్మకం లేదు."

కాదన్నప్పుడల్లా విద్దన చెయ్యి తెలియకుండానే మెడ తడుముకుంటోంది. రాజుకు పౌరుషం వచ్చింది. ఒక పిరికి విద్యార్థి మాట తను చెప్పలేకపోవడమా! గద్దె దిగి వచ్చాడు.

"మరి అక్కడ మీరు చేసే పనేమిటయ్యా?"

"రెండు దారులూ ధర్మంగానే కనిపించినప్పుడు ఏది పట్టాలో తెలియక తలలు బద్దలు కొట్టుకుంటాం ప్రభూ. ప్రభువులకు అలాంటి చిక్కు ఎన్నడూ వచ్చి ఉండదు."

"ఎందుకు రాలేదు?" అన్నాడు రాజు. "పోయిన వానల్లో చెరువు కట్ట కాపరి నా ఆజ్ఞ మీరి తూము తెరిచాడు. నా తోట మునిగింది, ఊరు బతికింది. ఆజ్ఞ మీరితే శిక్షించాలి. ఊరిని కాపాడితే మెచ్చుకోవాలి. చెరసాలలో వేయించాను. తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు." గొంతు పెరిగింది. "ఎవరినడగను? మంత్రి నా మొహం చూసి చెబుతాడు. పురోహితుడు నేనిచ్చేది చూసి చెబుతాడు. ఎవడి మొహమూ చూడకుండా, శైవుడూ జైనుడూ దేవుడే లేడనేవాడూ కలిసి అలాంటి చిక్కు విప్పే చోటు రాజ్యంలో ఒక్కటైనా ఉండొద్దా? ఇదేనా మీ మాట?"

"ఔను ప్రభూ! మా మాట ఇదే. మా గురువుగారు కూడా ఇంత బాగా ఎన్నడూ చెప్పలేదు. ఇక ఖండించండి."

తన నోట వచ్చిన మాటను రాజు తనే ఎలా ఖండిస్తాడు? "నువ్వేదో ఒకటి చెప్పు" అన్నాడు చివరికి.

"నేనేం చెప్పను ప్రభూ? పీఠం వద్దన్నదీ తమరే, ఉండాలన్నదీ తమరే. ఏది గెలిచినా గెలుపు ప్రభువులదే. ప్రభువులను ఓడించే మొనగాడు ప్రభువులు కాక ఈ రాజ్యంలో ఇంకెవరున్నారు?"

అనేసి విద్దన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎంతకీ ఏమీ జరగలేదు. మెల్లిగా తెరిచి చూస్తే, రాజు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అది చూసి సభ కూడా ధైర్యం చేసి నవ్వింది.

"ఏనుగులకు వేరే చోటు చూడండి" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "ఆ కాపరిని రేపు పిలిపించండి. వాడి తరఫు మాట ముందు నేను చెబుతాను. వాడు ఔనన్నాకే తీర్పు. ఇకమీదట ఏ తగవుకైనా ఇదే పద్ధతి."

తన హారం తీసి విద్దన మెడలో వేశాడు. హారం కన్నా, వేయడానికి మెడ మిగిలినందుకు విద్దనకు ఎక్కువ సంతోషమైంది.

"నీకు కొలువు కూడా ఇస్తున్నాం" అన్నాడు రాజు. "చదువు మానక్కర్లేదు. రోజుకొక పూట కొలువుకొచ్చి మా పక్కన కూర్చో. మేం పొరబడినప్పుడల్లా 'కాదు ప్రభూ' అనాలి. అదే నీ పని."

విద్దన చెయ్యి హారం కిందినుంచి మళ్ళీ మెడ తడుముకుంది.

"రోజూనా ప్రభూ?" అన్నాడు.